బానెట్ వెనక మనిషి

బానెట్ ఎత్తి ఉంది, అందుకని మా ఆయన నాకు కనబడటం లేదు, గొంతు ఒక్కటే వినబడుతోంది. "కొట్టు" అంటాడు, నేను తాళం తిప్పుతాను, మా ముసలి బండి గుర్రు గుర్రుమని రెండు మూలుగులు మూలిగి ఊరుకుంటుంది, "ఆపు" అంటాడు, ఆపుతాను. మళ్ళీ పానా చప్పుడు. అది బిగిస్తున్న చప్పుడో విప్పుతున్న చప్పుడో ఇక్కణ్ణుంచి చెప్పడం కష్టం, ఇనుముకు రెండూ ఒకటే, అదే నా బాధ. అద్దం మీద పేరుకున్న మంచును గోళ్ళతో గీకి అరచేయంత ఖాళీ చేసుకున్నాను, అందులోంచి చూస్తే రంగు లేచిపోయిన బానెట్ రేకు, దాని కింద సన్నటి సందు, ఆ సందులోంచి అప్పుడప్పుడూ ఆయన వేళ్ళు. వేళ్ళను చూసి మనిషి ఏం చేస్తున్నాడో కనిపెట్టగలిగితే నాకీ అవస్థ లేదు. నా ఊపిరికి ఆ కాస్త ఖాళీ కూడా మసకేసిపోతోంది, కొంగుతో తుడుస్తున్నాను, మళ్ళీ మసక. కాళ్ళు చల్లబడి చెక్కల్లా ఉన్నాయి. చలి అంటాడు ఆయన, అంతా చలి వల్లే అంటాడు, ఈ బండికి చలి పడదు అంటాడు. చలి నోరు లేనిది కాబట్టి ఏ నేరం మోపినా పడి ఉంటుంది.

ఏడింటికల్లా నేను ఆస్పత్రిలో ఉండాలి. ఆపరేషన్లు చేసే కత్తులు, కత్తెరలు, పటకార్లు కడిగి, తుడిచి, గుడ్డలో మూటలు కట్టి ఆవిరి యంత్రంలోకి ఎక్కించే గది మాది. మొదటి విడత నేను ఎక్కించకపోతే పైఅంతస్తులో కడుపు మాడ్చుకుని బల్ల మీద పడుకున్న మనిషి అలాగే పడుకుని ఉంటాడు, పక్కన డాక్టరు చేతులు కడుక్కుని నిలబడి ఉంటాడు, ఇద్దరూ నన్నే తిట్టుకుంటారు. ఈ వారంలో రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాను. మొదటిసారి మా ఇన్‌ఛార్జి సిస్టరు గోడగడియారాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి ఊరుకుంది. రెండోసారి నోరు విప్పింది, "ఇంకొక్కసారి ఇలా అయితే నిన్ను పర్మినెంటు చెయ్యమని నేను చెప్పలేనమ్మా, వేరే మనిషిని చూసుకోవాల్సొస్తుంది" అంది, అదీ కోపంగా కాదు, జాలిగా. కోపమైతే మర్నాటికి చల్లారుతుంది, జాలిపడి అన్న మాట అంత తేలిగ్గా పోదు. ఆయన పనిచేసిన ప్రెస్సు మూతపడ్డాక మా ఇంట్లోకి వస్తున్న జీతం నాదొక్కటే. ఇవాళ కూడా ఆలస్యమైతే అదీ ఉండదు. ఈ సంగతి ఆయనకు తెలుసు, బానెట్ వెనక పానా పట్టుకుని నిలబడ్డ ఆ మనిషికి నాకెంత తెలుసో అంత తెలుసు.

"లైట్లు వేసి చూడు" అన్నాడు. వేశాను. గోడ మీద పడిన వెలుగు పసుపుపచ్చగా, నీరసంగా ఉంది, సెల్ఫ్ కొట్టగానే ఇంకా కుంగిపోయింది. "బ్యాటరీ" అన్నాడు ఆయన, తనకు ముందే తెలిసినట్టు. మా అన్నయ్యకు బండ్ల పిచ్చి, ఈ ముసలిదాన్ని కొన్నరోజు వచ్చి చుట్టూ తిరిగి చూసి, టైర్లను కాలితో తన్ని, నాకొక పాఠం చెప్పి వెళ్ళాడు. "పాత బండి స్టార్ట్ కాకపోతే కంగారుపడకు చెల్లెమ్మా, వరస ప్రకారం చూసుకో. ముందు బ్యాటరీ. తర్వాత ప్లగ్గులో నిప్పు. ఆ తర్వాత పెట్రోలు. ఈ మూడూ బాగుండి కూడా లేవలేదంటే ఇంక అనుమానించాల్సింది బండిని కాదు, మనిషిని" అని పగలబడి నవ్వాడు. వాడు ఏ మాట చెప్పినా చివర ఒక హాస్యం అతికించందే వదలడు, అందరం నవ్వాం, ఈయనా నవ్వాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అప్పుడు ఈయన ఏమైనా చేశాడా అని ఈ చలిలో కూర్చుని గుర్తుచేసుకుంటున్నాను, చేతులు జేబుల్లో ఉన్నాయి, భుజాల దాకా రాలేదు. కానీ అందరికంటే ముందు నవ్వు ఆపింది ఈయనే.

ఈ బండి మాకు అమ్మినాయన మీద కూడా నాకు అనుమానం లేకపోలేదు. రిటైరైన టీచరు, చేతులు కట్టుకుని, తలవంచి, పెళ్ళికూతురి తండ్రిలా నిలబడ్డాడు. "చలికి తప్ప మా బండి దేనికీ భయపడదమ్మా" అన్నాడు, అని బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. అంత ప్రేమ ఉన్నవాడు అమ్మడం ఎందుకు, కళ్ళు ఆనడం లేదట, డాక్టరు వద్దన్నాడట. నేనైతే ఇంటికెళ్ళేదాకా ఆయన నడక వెనకనుంచి చూస్తూనే ఉన్నాను, గుంతలన్నీ తప్పించుకుని చక్కగా నడిచిపోయాడు. మా గదిలో పనిచేసేవాళ్ళకు ఈ జబ్బు పట్టుకుంటుంది. తళతళా మెరిసే కత్తెర చూసి అందరూ శుభ్రంగా ఉందంటారు, మేం దాన్ని విప్పి, కీలు దగ్గర వేలి గోరంత చోటులో భూతద్దం పెట్టి వెతుకుతాం, అక్కడ ఏదో ఒక చుక్క ఎండి ఉంటుంది. మూటకు అంటించే టేపు మీద చారలు ఆవిరి తగలగానే నల్లబడతాయి, కొత్తగా చేరినవాళ్ళు చారలు నల్లబడ్డాయి కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. మూట లోపలికి వెళ్ళి వచ్చిందనే ఆ చారలు చెబుతాయి, లోపల ఏం జరిగిందో వాటికేం తెలుసు. ఈయన ముఖం మీద కూడా చారలన్నీ సరిగ్గానే నల్లబడి ఉంటాయి, పొద్దున్నే లేస్తాడు, నీళ్ళు కాస్తాడు, నా అన్నం డబ్బా కట్టి ఇస్తాడు, గేటు తీస్తాడు. లోపల సంగతి ఎవరికి తెలుసు.

ఎందుకంటే నేను ఈ బండి సంగతి కొద్దికొద్దిగా కనిపెడుతూనే వస్తున్నాను. సాయంత్రం డ్యూటీ దిగి ఆరుబయట నిలబెట్టిన బండి ఎక్కితే తాళం సగం తిప్పీ తిప్పకముందే లేస్తుంది. అప్పుడు చలి తక్కువ కదా అంటాడు ఈయన, సరే. మరి మొన్న ఆడపడుచుకు నొప్పులొస్తున్నాయని తెల్లవారుజామున ఫోనొస్తే ఇద్దరం ఉన్నపళాన లేచి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాం, ఆ రోజు అద్దం మీద మంచు ఇవాళ్టికంటే మందంగా ఉంది, తలుపు పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయాయి, అయినా ముసలిది ఒక్క తిప్పుకే లేచి కూర్చుంది. ఆనందంలో ఉన్నాం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, నేను పట్టించుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు పక్క సీట్లో కూర్చుని కొత్త మేనకోడలి గురించి మాట్లాడుతూనే లోపల లెక్క వేసుకున్నాను. అంత చలిలో లేచిన బండి నేను డ్యూటీకి వెళ్ళే రోజున మాత్రం లేవదు. చలికి నా డ్యూటీ రోజులేవో తెలుసా? పైగా సీటు. నేను పొట్టిదాన్ని, సీటు ముందుకు లాక్కుంటేనే నా కాళ్ళకు పెడళ్ళు అందుతాయి. సాయంత్రం నేను లాక్కున్న సీటు పొద్దున ఎక్కేసరికి ఒక మెట్టు వెనక్కి ఉంటోంది. ఇవాళ కూడా ఉంది. ఈ ఇంట్లో పొడుగు కాళ్ళు ఎవరివో నన్నడిగి తెలుసుకోనక్కర్లేదు.

మొదట్లో వేరేగా అనుకున్నాను, తెల్లారగట్ల బండి వేసుకుని ఎక్కడికైనా వెళ్ళొస్తున్నాడేమోనని, ఎవరింటికని, ఆ మాట అనుకోవడానికే నాకు సిగ్గేసింది, సిగ్గేసినా అనుకున్నాను. రాత్రి కిలోమీటర్ల అంకె చూసి పడుకుంటే పొద్దున అదే అంకె ఉంది. అంటే బండి కదల్లేదు. కదలకుండా నిలబడ్డ బండిలో కూర్చుని మగవాడు ఏం చేస్తాడు? అప్పుడు నాకు నిజంగా భయం పట్టుకుంది. వెళ్ళేవాడైతే వెళ్ళిపోయాడనుకుని ఏడవచ్చు, కదలకుండా కూర్చుని ఏదో ఒక తీగ ఊడదీసి వచ్చేవాణ్ణి ఏం చెయ్యాలి. నాకీ ఉద్యోగం వచ్చినరోజు ఈయన ఏమన్నాడు, సంతోషంగానే అన్నాడు, "అంత పొద్దున్నే, అంత చలిలో నీకెందుకే ఈ పాట్లు" అన్నాడు. మాటలో ప్రేమ ఉందనుకున్నాను అప్పుడు. తర్వాత్తర్వాత ఆ మాటనే తిప్పి తిప్పి చూశాను, కత్తెర కీలు చూసినట్టు. ప్రెస్సులో ముప్పైమంది మీద అజమాయిషీ చేసిన మనిషి, ఇప్పుడు పెళ్ళాం డబ్బాకు మూత బిగించి గేటు తీస్తున్నాడు. చుట్టాలొస్తే "ఆవిడ డ్యూటీకెళ్ళింది" అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా డ్యూటీ అన్న మాట దగ్గర గొంతు తగ్గిస్తాడు, నేను గోడవతలనుంచి విన్నాను. నా ఉద్యోగం పోతే ఈయనకు తిండి ఉండదు నిజమే, కానీ మగవాడికి తిండికంటే ఇంకేవో ముఖ్యమైనవి ఉంటాయని మా అమ్మ అనేది. ఆ ఇంకేవో ఏమిటో మా అమ్మ చెప్పలేదు.

"వేడినీళ్ళు పోస్తున్నా, చూసుకో" అన్నాడు. బ్యాటరీ మూతిమీద పట్టిన తెల్లటి పొడి కరిగి కారుతున్న చప్పుడు, ఆవిరి బానెట్ పక్కనుంచి లేచింది. "కొట్టు". కొట్టాను. ఈసారి మూలుగు కూడా లేదు, టక్ టక్ టక్‌మని మాత్రం అంది. ఏడవకూడదు, ఆ ఒక్కటీ చెయ్యకూడదు, మొట్టమొదటిసారి స్టార్ట్ కానిరోజు ఈ స్టీరింగ్ మీదే తలపెట్టి ఏడ్చాను, అది చూసినవాడు ఈయనే. చూసి ఏం లెక్క వేసుకున్నాడో.

గోడపక్కనుంచి పక్కింటి పెద్దాయన తొంగిచూశాడు, తలకు మఫ్లరు చుట్టుకుని, చేతిలో చీపురుతో. "తీగలు తెమ్మంటావా?" అని ఈయన్ని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళి, తన బండి తెచ్చి ముక్కుకు ముక్కు ఆనించి నిలబెట్టాడు. రెండు బ్యాటరీలనీ కలుపుతూ ఎర్ర తీగ, నల్ల తీగ తగిలించారు. "కొట్టమ్మాయ్." కొట్టాను. ఇప్పుడు సెల్ఫ్ జోరుగా తిరిగింది, బండి బండంతా ఊగింది, తిరిగింది తిరిగింది, అంటుకోలేదు. అంటే బ్యాటరీ సంగతి తేలిపోయింది, నేరం దానిది కాదు, కాదంటే దానిదొక్కదానిదే కాదు. ఈయన ప్లగ్గు ఒకటి విప్పి ఇంజను ఇనుముకు ఆనించి పెట్టి మళ్ళీ కొట్టమన్నాడు, "వస్తోంది, నిప్పు వస్తోంది" అని ఆయనే అన్నాడు. నిప్పూ ఉంది. పెట్రోలు లేదేమో అందామంటే ముక్కు పగిలిపోయే వాసన. పెద్దాయన ప్లగ్గును తన వేళ్ళ మధ్య తిప్పి చూసి కిటికీ దగ్గరికి తెచ్చి నాకు చూపించాడు, నల్లగా, తడితడిగా, నూనెలో ముంచి తీసిన వత్తిలా ఉంది. "ఓవర్‌ఫ్లో" అన్నాడు, "పెట్రోలు మరీ ఎక్కువెళ్ళింది, చోక్ ఎన్నిసార్లు లాగావమ్మాయ్?" "ఒక్కసారే బాబాయిగారూ." "ఒక్కసారికి ఇంత తడవదే" అన్నాడు. ఈయన ఏమీ అనకుండా నాలుగు ప్లగ్గులూ విప్పి గుడ్డలో వేసుకుని, పొయ్యి మీద వేడిచేసి తెస్తానని లోపలికి వెళ్ళాడు. బ్యాటరీ, నిప్పు, పెట్రోలు. మూడూ ఉన్నాయి. నవ్వు రావడం లేదు అన్నయ్యా.

పెద్దాయన కిటికీ దగ్గరే నిలబడి చేతులు రుద్దుకుంటున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడుతున్నట్టు అన్నాడు, "ఇందాక అంటుకుందిగా, మళ్ళీ ఎందుకు ఆపుకున్నారు?"

"ఎప్పుడండీ?" అన్నాను.

"తెల్లారగట్ల. నాకు నిద్రెక్కడ పడుతుంది, రోజూ వింటాను. బుర్రున లేస్తుంది, అంతలోనే ఆగిపోతుంది. ఎవరో తలుపు కొట్టి పారిపోయినట్టు. మీకేదో అలవాటు కాబోలనుకున్నాను."

నేను ఏమన్నానో గుర్తులేదు, ఏదో అన్నాను, లేకపోతే ఆయన అలా తల ఊపి తన బండి వైపు వెళ్ళడు. దొరికాడు, దొరికాడు అని చెవుల్లో ఒకటే మాట మోగుతోంది. అనుమానానికి సాక్ష్యం దొరకాలని మొక్కుకున్నంత పని చేశాను, దొరికింది కదా, మరి ఎందుకిలా ఉంది. నా అనుమానం తప్పయితే బాగుండునని లోపలెక్కడో కోరుకుంటూనే ఉన్నట్టున్నాను. ఇంక ఏం చెయ్యాలి, ఆస్పత్రికి ఎలా వెళ్ళాలి అన్నది ఒకటి, సాయంత్రం ఈ ఇంటికి ఎలా తిరిగి రావాలన్నది ఒకటి. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు, పరుగు, "కాలుతున్నాయి కాలుతున్నాయి" అని తనలో తను అనుకుంటూ వచ్చి బానెట్ వెనక్కి దూరాడు. మళ్ళీ వేళ్ళు మాత్రమే. బిగిస్తున్నాడు, ఒకటి, రెండు. ఎదురుగా ముఖం ఉంటే అడగలేకపోయేదాన్ని.

"ఏవండీ, తెల్లారగట్ల మీరు బండి స్టార్ట్ చేశారా?"

పానా ఆగింది. వేళ్ళు సందులో అలాగే ఉన్నాయి. అబద్ధం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఊరుకున్నాడు.

"చేశాను."

"రోజూనా?"

"నీకు డ్యూటీ ఉన్నరోజు." వేళ్ళు గుడ్డకు మసి తుడుచుకున్నాయి. "ఆ రోజు నువ్వు స్టీరింగ్ మీద పడి ఏడ్చావు చూడు, అప్పట్నుంచీ నాకు మూడింటికో నాలుగింటికో మెలకువొచ్చేస్తోంది. ఇవాళ లేస్తుందా లేవదా అని. ఒక్కసారి కొట్టి చూస్తే, లేచిందనుకో, ఇంక దిగులుండదు. వచ్చి పడుకుంటాను."

"లేస్తే మళ్ళీ ఆపడమెందుకు?"

"పెట్రోలు దండగ కదే. నువ్వు లేస్తావని కూడా." పానా మళ్ళీ కదిలింది, నెమ్మదిగా. "నాకు రోజూ ఒక్క తిప్పుకే లేస్తుంది. నీకే లేవదు. చోక్ సరిగ్గా లాగడం లేదేమో, కావాలనే నీకు చెప్పలేదు, చెబితే కోప్పడతావని నేనూ చూస్తున్నాను."

చూస్తున్నాడట. నేను ఆయన్ని చూస్తున్నాను, ఆయన నన్ను చూస్తున్నాడు, మధ్యలో ముసలిది రోజూ చలిలో గుక్కెడు పెట్రోలు తాగి, ఒళ్ళు వెచ్చబడకముందే నోరు మూయించుకుని, ప్లగ్గులన్నీ తడుపుకుని కూర్చుంటోంది. ఆ తర్వాత నేను ఎక్కి మళ్ళీ చోక్ లాగుతున్నాను. రోజూ ఒక స్టార్టింగ్ బ్యాటరీలోంచి పోతోంది, తిరిగి నింపేది లేదు. లేస్తుందో లేదో అని చూడటం వల్లే లేవడం లేదు. మా గదిలో ఒక కొత్తపిల్ల చేరినప్పుడు ఇలాగే చేసింది, మూటలో పనిముట్లు నిజంగా శుభ్రపడ్డాయో లేదోనని ఒకటొకటే విప్పి చూసి మళ్ళీ కట్టేసింది, పాపం ఎంతో జాగ్రత్తగా. మూట విప్పి చూసిన క్షణాన్నే అది పాడైనట్టు లెక్క, ఆ రోజు మొత్తం విడత మళ్ళీ ఆవిరికి ఎక్కించాం. అందరికంటే ఎక్కువ కేకలేసింది నేనే. ఈయన మీద కూడా కేకలేద్దామనుకున్నాను, వెయ్యలేదు. ఇంత పెద్దవాడు, చీకట్లో కంబళి కప్పుకుని వచ్చి, పొడుగు కాళ్ళు ముడుచుకోలేక సీటు ఒక మెట్టు వెనక్కి తోసుకుని, నా బదులు ముందే భయపడి వెళుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది, వచ్చినంత వేగంగా ఒక ముల్లు కూడా గుచ్చుకుంది. ఇది నిజమేనా? ఇంత చక్కగా కుదిరిన సమాధానం నేను అడగ్గానే దొరికిందంటే ఇప్పటికిప్పుడు అల్లిందా, లేక ముందే అల్లి పెట్టుకున్నదా? ఛీ అనుకున్నాను, నన్ను నేనే. ఛీ అనుకున్నా ముల్లు అక్కడే ఉంది.

"అయిపోయింది, కొట్టు" అన్నాడు. నేను చోక్ లాగలేదు. మొత్తం లోపలికి నొక్కేశాను. ఓవర్‌ఫ్లో అయినప్పుడు ఇంకా పెట్రోలు పోయకూడదు, గాలి పోయాలి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి కదలకుండా పట్టుకోవాలి అని చెప్పినవాడు కూడా మా అన్నయ్యే, అదొక్కటే వాడు హాస్యం అతికించకుండా చెప్పిన మాట. తొక్కి పట్టుకుని తాళం తిప్పాను. తిరిగింది, తిరిగింది, ఒకసారి దగ్గింది. "వదలకు" అని అరిచాడు ఆయన. మళ్ళీ దగ్గింది, రెండు దగ్గులు, వెనకనుంచి నల్లటి పొగ, ఒక్కసారిగా బండి ఒళ్ళు విరుచుకుని లేచింది. పెద్దాయన తీగలు పీకి భుజాన వేసుకుని, ఇందులో తనదేం లేదన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆపకుండా, దారిలో ఎక్కడా ఆగకుండా వెళితే అందుకుంటాను, ఇన్‌ఛార్జి సిస్టరు గడియారం వైపు చూసే లోపే చేతులు కడుక్కుని నిలబడగలను.

బానెట్ దించాడు. ఇంతసేపటికి ఆయన ముఖం కనబడింది. బుగ్గ మీద మసి, ముక్కు చలికి ఎర్రబడి ఉంది, కళ్ళ కింద నిద్రలేని గుంటలు, అవి కొత్తవో పాతవో నాకు తెలియదు, కీళ్ళూ కిలోమీటర్లూ చూసిన నేను అవి చూడలేదు. కిటికీ దగ్గరికి వచ్చాడు. అద్దం దించాను.

"రేపట్నుంచి ముట్టుకోను" అన్నాడు.

"ముందే ఒక్కమాట చెప్పాల్సింది కదండీ."

"చెబితే నమ్మేదానివా?" అన్నాడు, దెప్పుతున్నట్టు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు, ముఖం కిటికీలోకి వంచి.

"అయ్యో, ఎందుకు నమ్మను" అన్నాను.

ఎక్కడా తడుముకోకుండా, వెన్నలో కత్తి దిగినంత నున్నగా వచ్చింది ఆ మాట. నాతో ఎవరైనా అంత నున్నగా అని ఉంటే నేను ఛస్తే నమ్మేదాన్ని కాదు. ఆయన నమ్మాడు. తల ఊపి, హమ్మయ్య అన్నట్టు నవ్వి, గేటు తియ్యడానికి వెళ్ళాడు.